లోపలి కంప్యూటరు

ఎంబ్రాయిడరీ షాపులో వదిన డిజైన్లు గీసేది, ఆడపడుచు కంప్యూటరు చూసుకునేది. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒకరికి మొగుడూ ఇంకొకరికి అన్నా అయిన షాపు యజమాని కుట్టు మిషన్లను ఆగనిచ్చేవాడు కాదు. అవి ఆగితే వీళ్ల మాటలు వినబడతాయి మరి.

షాపు కంప్యూటరు విండోస్ మీద కాక, లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టం మీద నడిచేది. డిజైన్ సాఫ్ట్‌వేరేమో విండోస్‌లో తప్ప నడవదు. అందుకని లినక్స్ లోపల ఒక వర్చువల్ మెషీన్ పెట్టారు. అంటే కంప్యూటరులో ఇంకో కంప్యూటరు ఉన్నట్టే. విండోస్ అందులో నడిచేది. ఆ లోపలి మెషీన్‌ను నడిపించే ప్రోగ్రాము లినక్స్ అప్‌డేట్ అయినప్పుడల్లా మొరాయించేది. అప్పుడు వదిన, ఇంత చదువూ చదివింది ఇందుకేనా అని పనివాళ్ల ముందే దెప్పేది.

ఆడపడుచు విసిగిపోయి, లినక్స్‌లోనే ఇమిడి ఉండే వేరే ప్రోగ్రాముకు మారిపోదామంది. స్కూలు బ్యాడ్జీల ఆర్డరు పూర్తయ్యేదాకా దాని జోలికి పోవద్దని వదిన తెగేసి చెప్పింది.

మర్నాడు వదిన పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడమే ఆలస్యం, ఆడపడుచు పనిలోకి దిగింది. విండోస్ ఉన్న డిస్కును కొత్త ప్రోగ్రాము చదవగలిగే రూపంలోకి మార్చింది. దాంతో కంప్యూటరు నిండిపోతే, పాత మెషీన్‌ను సెట్టింగులతో సహా చెరిపేసింది. కొత్తదాంట్లో విండోస్ చకచకా లేచింది. డిజైన్ సాఫ్ట్‌వేరు మాత్రం ఇది వేరే కంప్యూటరనీ, లైసెన్సు చెల్లదనీ తాళం వేసుకుంది. కొత్త లైసెన్సు కొందామంటే దాన్ని తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతపడింది.

వదిన వాచిన బుగ్గతో తిరిగొచ్చింది. సంగతి విని పల్లెత్తు మాట అనలేదు. కుర్చీ లాక్కుని ఆడపడుచు వెనకే కూర్చుంది. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆడపడుచుకి. ఆ తిట్లేవో అన్న తిట్టాడు. కుట్టడానికి డిజైన్లు లేక మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

సాయంత్రం ఆడపడుచు కళ్లలో నీళ్లు తిరిగాక, వదిన సంచిలోంచి చిన్న హార్డ్ డిస్కు తీసి కీబోర్డు పక్కన పెట్టింది.

"పాత మెషీన్ మొత్తం ఇందులో ఉంది. నా మాట వినవని తెలిసే నిన్న కాపీ చేసి పెట్టుకున్నా."

"పొద్దుట్నుంచీ నేను చస్తుంటే వెనకాల కూర్చుని చూశావు. అప్పుడే చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"నువ్వు అడిగావా?" అంది వదిన.

ఆడపడుచు ఆ కాపీలోని సెట్టింగులు తెరిచింది. పాత మెషీన్ గుర్తింపు నంబరూ, నెట్‌వర్క్ కార్డు నంబరూ కొత్తదానికి పెట్టింది. సాఫ్ట్‌వేరు ఇది పాత కంప్యూటరే అనుకుని మారుమాట లేకుండా తెరుచుకుంది.

"మళ్లీ పాతదాన్నే పెట్టు," అంది వదిన.

"పెట్టను."

పెట్టలేదు కూడా. ఆ తరవాత ఎన్ని అప్‌డేట్లు వచ్చినా విండోస్ మొరాయించలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి వదినకు నోరు రాలేదు, కాపీ దాచినందుకు మెచ్చుకోవడానికి ఆడపడుచుకు మనసు రాలేదు.

బ్యాడ్జీలు ఆలస్యంగా అందాయి. స్కూలువాళ్లు మళ్లీ ఆర్డరు ఇవ్వలేదు. అది ఎవరి పుణ్యమో ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. భోజనాల దగ్గర ఉప్పు కావాలన్నా ఇద్దరూ షాపు యజమానిచేతే అడిగిస్తారు.