నీసు పొయ్యి మీద కంజీర

మా భజన బృందంలో కంజీర నాది. వేళ్లు తిమ్మిరెక్కడం మొదలయ్యాక దాన్ని మా కోడలు హేమశ్రీ చేతిలో పెట్టాను. బృందానికి పెద్ద అయిన మా మరిది శివరామకృష్ణకి ఇది మింగుడుపడలేదు.

"జాలరిపేట భజనలో సూద్దాం వదినా. అక్కడ తడబడిందంటే కంజీర మా వాసుకి ఇచ్చీయాల" అన్నాడు. వాసు ఆయన అల్లుడు. సరేనన్నాను. నేను నేర్పిన పిల్ల మీద నాకంత పొగరు మరి.

మామూలుగా మేం పాడేది ద్వారకా నగర్ ఏసీ హాళ్లలో. ఆ పొడి చలికి తోలు బిగుసుకుపోయి కీచుమంటుంది. లోపలివైపు తడి వేలితో రాసి దాని గొంతు దించుకోవాలి. సముద్రం ఒడ్డున అంతా తిరగబడుతుంది. గాలిలో తేమకి తోలు జారిపోతుంది. అందుకే జాలరిపేటకి హేమ రెండు కంజీరలు తెచ్చింది. మందంగా ఉన్నదాన్ని తట్టి చూసి సంచిలో పడేసింది. పలచటి మేకతోలుది తీసింది. అదీ దబ్‌మంది.

తోలు బిగియాలంటే సెగ చూపించాలి. ఎదురుగా దీపం ఉంది గానీ, దేవుడి దీపానికి తోలు చూపడం మాలో కూడదు. హేమ లేచి పందిరి బయటికి నడిచింది. అక్కడ అసిరమ్మ చేపలు వేయించి అమ్ముతోంది. ఆమె పెనం దించగానే మా కోడలు పొయ్యి ముందు చతికిలబడి, కంజీరను సెగకి తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకుని తడుతోంది. భజన ఉన్న రోజు మేం చేప, మాంసం, ఏ నీసూ ముట్టం. 

"సేపల పొయ్యి మీదేటమ్మా!" అంటూ మరిది పసుపునీళ్ల చెంబు, మామిడిరెమ్మ తెచ్చాడు. కంజీరను శుద్ధి చేస్తాడట! నీళ్లు పడితే ఇంక అది పలికినట్టే.

నేను నోరు చేసుకునేలోగా హేమ కంజీరను ఎత్తి పట్టుకుని, ఆయన ముందు తల వంచింది.

"పొయ్యి కాడికెల్లింది నాను సిన్నమావయ్యా. నీల్లు నా మీద సల్లండి."

ఆయన మామిడిరెమ్మ ముంచి ఆమె తల మీద చల్లాడు. హేమ తడిసిన తలతోనే కూర్చుని మొదటి దెబ్బ వేసింది. ఖంగుమంది! పేటంతా పందిట్లోకొచ్చి పడింది. నా కోడలని పక్కనున్న ప్రతి ఆడమనిషికీ చెప్పాను. అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ.

మంగళహారతి ముందు తోలు మళ్లీ జారింది. హేమ లేవబోతే మరిది ఆమె చేతిలోంచి కంజీర తీసేసుకున్నాడు. వాసుకి ఇస్తాడు కాబోలనుకుని నా ఒళ్లు మండింది. ఆయన పంచె ఎగ్గట్టి, అందరూ చూస్తుండగా, తిన్నగా అసిరమ్మ పొయ్యి దగ్గరికి నడిచాడు. సెగకి పట్టి, తట్టి, ఇటు తిరిగి కేకేశాడు.

"సాలేటమ్మా?"

హేమ కూర్చున్నచోటు నుంచే విని తల అడ్డంగా ఊపింది. "ఇంకొంచెం, సిన్నమావయ్యా."

ఆయన మళ్లీ పొయ్యి మీదికి వంగాడు.