కీబోర్డు మీద గంధం

“ఏం మే, ఆ గోల రవంత తగ్గించరాదా? టీవీలో ఏం సెప్తా ఉండారో ఒక ముక్క ఇనపడ్ల,” అన్నాడు బావ.

తగ్గించాను. తగ్గించడం నాకు బాగా వచ్చిన విద్య. బావంటే నా మొగుడే, ధనంజయ, మా మేనత్త కొడుకు. గోలంటే నా కొత్త లాప్‌టాప్‌లోని గొంతు. తెర మీద ఏముందో, నేను ఏ కీ నొక్కానో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది. నాకు తెర కనబడదు. పదో తరగతిలో రేచీకటితో మొదలైంది, డిగ్రీ అయ్యేసరికి వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. కళ్లున్నవాళ్లకు కంప్యూటరంటే తెర, నాకు ఆ గొంతే కంప్యూటర్. దాన్ని తగ్గించమనడమంటే, నేను బావ టీవీ మీద దుప్పటి కప్పి ‘ఇప్పుడు చూసుకో’ అనడమే. ఆ మాట పైకి అనలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను, అదీ ఒక్క చెవికే. రెండో చెవి ఇంటిది. కుక్కర్ విజిలూ, కుళాయి నీళ్లూ, అత్త దగ్గూ అన్నీ అందులోకే రావాలి.

లాప్‌టాప్ పుణెలోని ఒక సంస్థ పంపింది. చూపు లేని ఆడవాళ్లకు ప్రోగ్రామింగ్ నేర్పుతారు వాళ్లు. చివరి పరీక్షలో నెగ్గితే తిరుపతిలోని వాళ్ల ఆఫీసులో ఉద్యోగం. లేకపోతే లాప్‌టాప్ వెనక్కి పంపెయ్యాలి, ఇంకొకరికి ఇస్తారు. మొదట్లో ఆ గొంతు వేగం నాకే అందేది కాదు. పోనుపోను నేనే వేగం పెంచుకున్నాను. ఇప్పుడది మాట్లాడుతుంటే మా అత్తకు బాండలిలో గులకరాళ్లు కలబెట్టినట్టు ఉంటుందట. నేను రాసే భాషలో ప్రతి లైనూ ఎంత లోపలికి జరిగి మొదలవుతుందన్నది ముఖ్యం. కళ్లున్నవాళ్లు మెట్లలాగా చూసేస్తారట, నాకు ‘నాలుగు స్పేసులు, ఎనిమిది స్పేసులు’ అని గొంతు చెప్పాలి. ఒక్క స్పేసు తక్కువైనా ప్రోగ్రామ్ నడవదు, ఏడో లైన్లో తప్పుంది అంటుంది. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. తిట్టలేదు, నిట్టూర్చలేదు, మా నాయనను మధ్యలోకి లాగలేదు. తప్పెక్కడుందో చెప్పి, నేను దిద్దుకునేదాకా ఊరుకుంది. పెళ్లయి ఇన్నేళ్లలో ఈ ఇంట్లో నా తప్పు ఏ లైన్లో ఉందో ఎవరూ చెప్పలేదు. మొత్తంగా తప్పనే అన్నారు.

“మా అన్న మొగం సూసి నిన్ను సేసుకుంటిమి గానీ, బయటోళ్లయితే మీ వాకిలి తొక్కుదురా?” ఇది మా అత్త శకుంతలమ్మ మాట. ఆమెను చెడ్డ మనిషి అనలేను. నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చేది ఆమే. కానీ నేను ఏదైనా కావాలని అడిగిన ప్రతిసారీ ఆ మాట పెట్టెలోంచి పట్టుచీరలా బయటికి వచ్చేది. లాప్‌టాప్ వచ్చిన రోజు వీధిలో ఆడవాళ్లంతా చేరి, “కండ్లు లేనామెకు కంప్యూటర్ ఏంటికమ్మా?” అన్నారు. కండ్లు లేనామెకు పొయ్యి ఏంటికని మాత్రం ఈ రోజుదాకా ఒక్కరూ అడగలేదు. పైగా దానికి బోలెడంత మెప్పు. కాగే నూనె ముందు నిలబడి చప్పుడును బట్టి మంట తగ్గిస్తుంటే, “మా కోడలు కండ్లున్నోళ్ల కంటే బాగా సేస్తాది” అని అత్త పదిమందికీ చెప్పుకునేది. కొన్నాళ్లు ఆ మెప్పుకు పొంగిపోయాను కూడా. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

బావది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టి ఇస్తాడు. ఒకరోజు స్నేహితుడు యోగానందను ఇంటికి తీసుకొచ్చి, “మా లోహిత ప్రోగ్రాములు రాస్తాది సూడప్పా,” అని నా లాప్‌టాప్ తెరిచి చూపించాడు. నేను వంటింట్లో వాళ్లకు కాఫీ కలుపుతున్నాను. మొగుడు గొప్పగా చెప్పుకుంటుంటే ఎవరికి మాత్రం బాగుండదు? గొంతు అడ్డమొస్తోందని దాన్ని ఆపేశాడు. పోతూ పోతూ మళ్లీ పెట్టలేదు. నేను కూర్చుని ఏ కీ నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. పాడైపోయిందనుకున్నాను. నేనే ఏదో చెడగొట్టాననుకుని సాయంత్రందాకా గుండె చేతబట్టుకుని తిరిగాను. బావ వచ్చి ఒక్క బటన్ నొక్కాడు. “ఇంతే గదా, దీనికింత రాద్ధాంతమా?” అన్నాడు. అతనికి అది ఇంతే.

చివరి పరీక్ష ఆయుధ పూజ రోజు పడింది. పుణె వాళ్లకు పండగ ఆ మర్నాడేనట. బావతో ముందే చెప్పాను. “రాసుకో, నేనొద్దన్నానా? పొద్దన్నే వంట ముగించుకుంటే సరిపాయె,” అన్నాడు. ఏటా ఆరోజు షాపులో పూజయ్యాక పనివాళ్లందరికీ మా ఇంట్లోనే భోజనం. ఆ వంట బరువు ఎవరి మీద పడుతుందో ఆ వాక్యంలో లేదు.

చీకటితోనే లేచాం అత్తా నేనూ. పులిహోర అయింది, శనగ గుగ్గిళ్లు తాలింపు అయింది, వడలు సగం అయ్యాయి. ఇంకో అరగంటలో పరీక్ష. వడల సంగతి కాసేపు అత్తను చూడమని చెప్పి ముందుగదిలోకి వెళ్లాను. చేత్తో తడిమితే బల్ల ఖాళీగా ఉంది.

“అత్తా, నా లాప్‌టాప్ యాడ?”

“యాడికి పోతాది? పూజలో పెట్టినా. అదీ ఒక ఆయుధమే గదా మే, నీది. సక్కగా గంధం, కుంకం పెట్టినా. రేప్పొద్దున తీద్దువు.”

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు సంతోషమేసింది. నాకూ ఒక ఆయుధముందని ఆ ఇంట్లో ఎవరైనా అనడం అదే మొదలు. ఆ వెంటనే పరీక్ష గుర్తొచ్చింది. మా వైపు పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు ముట్టరు. దశమి పొద్దున తీసి, అప్పుడే పని మొదలుపెడతారు.

“ఈపొద్దే గదత్తా నా పరీక్ష.”

“రేపు పెట్టుకోమని సెప్పు.”

“కుదరదు. ఇది పోతే మళ్లీ లేదు.”

“పోతే పోనీ మే. పూజలోది తీస్తే ఇంటికి అరిష్టం. వాడు బండి మీద పోయొచ్చేవాడు, ఏమన్నా అయితే నువ్వు జవాబు సెప్తావా?”

బావకు ఫోన్ చేశాను. అతని వెనక షాపులో గుమ్మడికాయ పగలగొట్టి కేకలు వేస్తున్నారు. “అమ్మ సెప్పేదీ నిజమే గదా,” అన్నాడు నెమ్మదిగా. “నేను గూడా ఈపొద్దు స్పానర్ ముట్ల. దానికీ రెస్టు, నాకూ రెస్టు. ఇంతకీ వడలయినాయా? మావాళ్లు ఆకలి మీద ఉండారు.”

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చాను. వడలు వెయ్యబోతూ స్టవ్ అంచు పట్టుకుంటే వేళ్లకు గంధం తగిలింది. పక్కన గ్రైండర్‌ను తడిమాను, దానికీ ఉంది. కత్తిపీట చెక్కకూ ఉంది. తెల్లారుజామునే అత్త అన్నింటికీ బొట్లు పెట్టింది, ఏటా పెడుతుంది. ఆ బొట్టు ఆరకముందే వెలిగించాం స్టవ్‌ను. బావ స్పానర్‌కు రెస్టుంది, షాపుకుంది, చివరికి నా లాప్‌టాప్‌కూ ఉంది. వీటికి లేదు. ఇన్ని ఆయుధ పూజలు చేశాను, ఇది నాకు తట్టనే లేదు. తట్టాక కోపమొచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మా ఇళ్లలో అలవాటే. నేను దుత్తల జోలికి పోలేదు. స్టవ్ ఆర్పేశాను. వంగి సిలిండర్ కూడా కట్టేశాను.

“ఏంటికే ఆర్పితివి? ఇంగా పిండి ఉండాది గదా,” అంది అత్త.

“దీనికీ బొట్టు పెట్టినావు గదత్తా.”

“పెడితే? పొయ్యి వేరే.”

“ఎట్ల వేరే?” అని అడిగాను. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే ఆమెకు తెలిస్తే చెప్పమని. నూనె చప్పుడు మెల్లగా అణిగిపోయింది. అత్త స్టూలు లాక్కుని మోకాళ్లు పట్టుకుని కూర్చున్న చప్పుడైంది. చీకటితో లేచినప్పటి నుంచి ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

“లాప్‌టాప్ ముట్టకూడదంటే పొయ్యీ ముట్టకూడదు. పూజలో ఒకటి ఉండాలంటే పొయ్యినే ఉండనీ,” అన్నాను.

పూజ గదిలోకి వెళ్లి పూలు పక్కకు జరిపి లాప్‌టాప్ తీసుకున్నాను. అది ఉన్న చోట గ్యాస్ లైటర్ పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. భయమేసింది. బావకు ఏమన్నా అయితే అన్న మాట ఎంత వద్దనుకున్నా లోపల తిరుగుతూనే ఉంది. బల్ల దగ్గర కూర్చుంటే కీబోర్డంతా గంధం. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలుంటాయి, వేళ్లు వాటిని పట్టుకునే మిగతా కీలను వెతుక్కుంటాయి. సరిగ్గా వాటి మీదే బొట్లు ఎండిపోయాయి. అత్త ఎంత శ్రద్ధగా పెట్టిందో. గోటితో గీకి గీకి ఆ గీతలు తేల్చుకున్నాను.

పరీక్ష మొదలైంది. రెండో ప్రశ్నలో లైను తప్పింది, దిద్దుకున్నాను. మూడో దాంట్లో ఉండగా గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుళ్లు, మగవాళ్ల నవ్వులు వినిపించాయి. బావ క్షేమంగానే వచ్చాడు. లోపలికి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

“ఏం మే, ఆకులు ఎయ్యలేదా? అందరూ వచ్చేసినారు.”

వంటింట్లో స్టూలు కదల్లేదు. నా వేళ్లు కీల మీదే ఉన్నాయి.

“పొయ్యి పూజలో ఉండాది బావా,” అన్నాను. “రేప్పొద్దున తీస్తాం.”