బ్రేకు మాస్టారి కుడికాలు

లైబ్రరీ ఆవిడ పొద్దున్నే లేచి ముందుగా తన ఎడమ పిక్క చూసుకుంది. మొన్నటి మచ్చ పసుపు రంగులోకి తిరిగింది. దాని పక్కనే కొత్తది వంకాయ రంగులో తయారైంది. మంచం మీద మొగుడు చంటిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. రాత్రంతా బ్రేకులు వేసి వేసి అలిసిపోయాడు పాపం!

ఈ మొగుడుగారు డ్రైవింగు స్కూలు నడుపుతాడు. ఒకటే కారు, ఒక్కడే మాస్టారు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు ముందుంటే ఈయన పక్క సీట్లో ఉంటాడు. ఈయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు పెడల్ ఉంటుంది. ఎదుటివాడు గోడ మీదికి పోతుంటే ఈయన తొక్కుతాడు. పందొమ్మిదేళ్లుగా తొక్కుతూనే ఉన్నాడు. వీధి వీధంతా ఆయన్ని బ్రేకు మాస్టారు అంటుంది, ఆయనా పలుకుతాడు.

కల మొదలై రెండు నెలలైంది. వారానికి నాలుగైదుసార్లు అదే కల. కారు ఏటవాలు రోడ్డు మీద వెనక్కి జారుతుంటుంది. మాస్టారు కాలు చాపి పెడల్ కోసం వెతుకుతాడు. అది ఉండదు. దాని చోట ఒకరోజు ఇస్త్రీపెట్టె ఉంటుంది, ఒకరోజు తడిసిన చెప్పు ఉంటుంది. ఒకరోజైతే చిన్నప్పటి లెక్కల టీచరు అక్కడ ముడుచుకుని కూర్చుని "హోంవర్కేదిరా?" అన్నాడట. ఏదుంటే దాన్నే మాస్టారు తొక్కేస్తాడు. కలలో ఆయన ఏది తొక్కినా మంచం మీద మాత్రం అది భార్య పిక్కే.

ఈ రెండు నెలల్లోనే ఎందుకయ్యా అంటే, లైబ్రరీ వాళ్లు ఒక వ్యాను కొన్నారు. అందులో పుస్తకాలు నింపుకుని బడి బడికీ తిప్పాలి. ఈ నెలాఖరులోగా లైసెన్సు తెచ్చుకుంటే వ్యాను లైబ్రరీ ఆవిడది, లేకపోతే జిరాక్సు ఆయనది అని పెద్ద లైబ్రేరియన్ తేల్చేసింది. జిరాక్సు ఆయనకి లైసెన్సుంది. పుస్తకమంటే మాత్రం ఆయన దృష్టిలో అద్దం మీద బోర్లా పెట్టే వస్తువు. మన ఆవిడ పదహారేళ్లుగా కిటికీ లేని గదిలో, తిరిగొచ్చిన పుస్తకాలకి ముద్రలు కొడుతోంది. ఆ వ్యాను వచ్చిన రోజు నుంచీ మధ్యాహ్నం డబ్బా పట్టుకెళ్లి అందులోనే కూర్చుని అన్నం తింటోంది. అంత ఆశ!

సరే, మొగుడే మాస్టారు కదా, ఇంకేం కావాలి అనుకుంటాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది. పరీక్ష రోజున ఏ స్కూలు కారైతే ఆ స్కూలు మాస్టారే పక్క సీట్లో ఉండాలి. పరీక్షాధికారి వెనక కూర్చుంటాడు. మాస్టారు తన పెడల్ తాకితే చాలు, ముందున్న ఎర్ర దీపం వెలిగి కీచుమని అరుస్తుంది. అంతే, ఫెయిల్! వేరేవాళ్ల దగ్గర మాస్టారి కాలు బుద్ధిగానే ఉంటుంది. భార్య గేరు మీద చెయ్యి వేసిందో లేదో, ఈయన కాలు దానంతటదే పోయి పెడల్ మీద పడుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ ఎప్పుడో గెలిచేశాడు, ఇంట్లోనే బోర్లాపడ్డాడు.

ఆ రోజు ఆవిడ దెబ్బలకి రాసుకునే మందు నాలుగో ట్యూబు కొనడానికి మందుల షాపుకి వెళ్లింది.

"ఏ జట్టుకి ఆడుతున్నారమ్మా?" అన్నాడు షాపాయన.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందన్న సామెత ఆవిడకి అప్పుడు బాగా అర్థమైంది. ఉక్రోషం పట్టలేక కల సంగతంతా అక్కడే కక్కేసింది. షాపాయన నవ్వడం మానేశాడు.

"దానికి ట్యూబు కాదమ్మా మందు. మెలకువగా ఉన్నప్పుడు ఆ కలని కాగితం మీద రాయమనండి. ముగింపు మాత్రం నచ్చినట్టు మార్చి రాయాలి. ఆ మార్చినదాన్ని రోజూ ఓ పది నిమిషాలు మనసులో తలుచుకోవాలి. చాలామందికి తగ్గుతుంది."

"మరీ ఇంత తేలికా?"

"చేసి చూడండి. తగ్గకపోతే డాక్టరు ఉండనే ఉన్నాడు. ట్యూబు కూడా ఉంచుకోండి."

మనసులో తలుచుకోమన్నాడాయన. కానీ ఆ ఇంట్లో మనసులో ఎవరైనా ఏదైనా చేసుకున్న పాపాన పోలేదు. సాయంత్రానికల్లా హాల్లో నాలుగు కుర్చీలు కారయ్యాయి. ఆవిడ చేతిలో కుక్కరు మూత స్టీరింగు. వెనక కుర్చీలో అత్తగారు పరీక్షాధికారి. కాలేజీలో చదివే కూతురు ఎర్ర దీపం, కీచుమనడం దాని పని.

మాస్టారు కాగితం తీసి గొంతు సవరించుకున్నాడు. "ముగింపు. పెడల్ దొరుకుతుంది. గట్టిగా తొక్కుతాను. కారు ఆగుతుంది. అందరూ చప్పట్లు కొడతారు."

"కారు గాల్లోకి లేస్తే బాగుంటుంది నాన్నా," అంది కూతురు.

"నీ మొహం! ఆ జారేదేదో మా చెల్లెలి ఇంటి ముందు ఆపించరా," అంది అత్తగారు. "చూసి ఆర్నెల్లైంది."

మూడు రోజులు నిష్ఠగా రిహార్సల్ చేశారు. దిండుని పెడల్ చేసి మాస్టారు తొక్కిందే తొక్కాడు. ఫలితం వెంటనే కనిపించింది. అంతకుముందు చీకట్లో తడుముకునే కాలికి ఇప్పుడు గురి కుదిరింది! ఒకటి పడే చోట మూడు పడ్డాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది ఆవిడ పని.

"ఆపండి మహానుభావా!" అంది నాలుగో రోజు పొద్దున కుంటుకుంటూ. "తొక్కకుండా ఉండటానికి మందడిగితే తొక్కడం ప్రాక్టీసు చేస్తారా? అసలు ఆ కలలో కారు నడిపేదెవరు?"

మాస్టారు టవల్ మడత పెట్టాడు. విప్పాడు. మళ్లీ మడత పెట్టాడు.

"ఎవరండీ?"

"నువ్వే."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. "అంటే పందొమ్మిదేళ్లలో వందలమందికి నేర్పితే, వెనక్కి జారిపోయేదాన్ని నేనొక్కదాన్నే దొరికానా మీకు? ఆ పెట్రోలు బంకు గోడ కూల్చినాయన రాడేం కల్లోకి?"

"ఆయన ఏమైపోతే నాకేంటి?" అన్నాడు మాస్టారు. మాట వచ్చేశాక ఆయనకే సిగ్గేసింది. "నీకేమన్నా అయితే నేనేం చెయ్యాలి? అందుకే కాలు ఆగదు."

ఆవిడ కోపం సగం దిగింది. మిగతా సగం పిక్కలో ఉంది కాబట్టి అది దిగలేదు. కాగితం లాక్కుని ముగింపు కొట్టేసి తనే రాసింది: పెడల్ ఉండదు. మాస్టారు వెతకడు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు.

"ఇదేం ముగింపు? మరి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యక్కర్లేదు."

"ఊరికే కూర్చోవడం నాకు చేతకాదే!"

"పుట్టినప్పుడే నర్సుని తన్నాడమ్మాయ్," అని అత్తగారు సాక్ష్యం చెప్పింది.

మళ్లీ కుర్చీలు వేశారు. ఆవిడ కుక్కరు మూత తిప్పుతుంటే మాస్టారు గోడ మీది క్యాలెండర్ని కిటికీ అనుకుని చూడాలి. మొదటిరోజు పదకొండుసార్లు నేలని తొక్కాడు. కూతురికి కీచుమని కీచుమని గొంతు బొంగురుపోయింది. ఐదోరోజుకి మూడుసార్లకి దిగాడు. ఆ రాత్రి పిక్కకి ఒక్క దెబ్బే తగిలింది. అప్పటికి పరీక్ష ఇంకా మూడు రోజులుంది. ఆ మూడు రాత్రులూ మాస్టారు మంచమెక్కలేదు, హాల్లో కుర్చీలో కళ్లు తెరుచుకుని కూర్చున్నాడు. "క్లచ్చు తొక్కాల్సిన కాలు నీది, దానికి దెబ్బ తగిలితే ఎలా?" అన్నాడు. ఎంత చెప్పినా విన్లేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. వెనక సీట్లో పరీక్షాధికారి. నవ్వితే జీతం కోస్తారన్నట్టున్నాడు మనిషి. ఆవిడ కారు తీసింది. మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో మలుపు దగ్గర అద్దంలోకి చూడబోతూ పక్కకి చూసింది.

మాస్టారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మూడు రాత్రుల నిద్ర ఒక్కసారిగా మీద పడింది మరి.

మెలకువగా ఉంటే ఈయన తొక్కుతాడేమోనని భయం. నిద్రపోతే తొక్కుతాడని గ్యారంటీ. లేపుదామంటే ఉలిక్కిపడి తొక్కుతాడు. ఆలోచించేలోపే ఏటవాలు రోడ్డు వచ్చేసింది. సగం ఎక్కాక సిగ్నలు పడింది. కారు ఆపింది. వెనక లారీ వచ్చి ఆనుకున్నంత దగ్గరగా నిలబడింది.

పచ్చ దీపం వెలిగింది. హ్యాండు బ్రేకు దించింది. కారు బెత్తెడు వెనక్కి జారింది.

మాస్టారి బూటు కొన పైకి లేచింది. ఆ కాలి వ్యవహారం ఆవిడకి కొట్టినపిండి. ముందు వేళ్లు లేస్తాయి, తర్వాత గొంతులో గుర్రుమంటుంది, ఆ పైన తన్నే. గుర్రుమంది కూడా. లారీవాడు హారన్ కొట్టాడు. ఆవిడకి ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడమేంటి? తంతే తన్నుకో నాయనా, నా పని నేను చేసుకుంటాను అనుకుని ఆ బూటు మీంచి చూపు తీసేసింది. రోడ్డు చూసింది. క్లచ్చు మెల్లగా వదిలింది, ఇంజను మూలిగింది, కారు పైకెక్కింది.

కీచుమనలేదు. మాస్టారు కుడికాలు తీసి ఎడమకాలి మీద వేసుకుని కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆఫీసు ముందు కారు ఆపాక పరీక్షాధికారి కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. "పాసయ్యారు. ఇన్నేళ్లలో ఏటవాలు మీద గురకపెట్టిన మాస్టార్ని చూడలేదమ్మా. మీ డ్రైవింగు మీద ఎంత నమ్మకముండాలి!"

ఆవిడ అవునండీ అంది. కాదంటే కథ చాలా పెద్దది. ఆయన దిగి వెళ్లాక మొగుణ్ణి కుదిపింది.

"ఎప్పుడు మొదలు?" అంటూ లేచాడు మాస్టారు.

"అయిపోయింది. పాసయ్యాను."

"నేను తొక్కానా?"

"లేదు. మీకు కల రాలేదా?"

"వచ్చింది. అదే కల. వెనక్కి జారాం. పెడల్ లేదు." కళ్లు నులుముకున్నాడు. "నువ్వు నడుపుతున్నావు కదా అని పడుకున్నాను."

ఆవిడ స్టీరింగు మీద తల వాల్చి భోరున ఏడ్చేసింది. నుదురు సరిగ్గా హారన్ మీద ఆనింది. అది ఆపకుండా మోగుతుంటే మెట్ల దాకా వెళ్లిన పరీక్షాధికారి ఆగి, తొందరపడి సంతకం పెట్టానా ఏమిటని వెనక్కి తిరిగి చూశాడు.