పాటలెక్కించిన కార్డు

మునగాలలో హైవే పక్కన ఒక మొబైల్ షాపు ఉండేది. 2013లో పాటలు కావాలంటే అందరూ అక్కడికే. మెమరీ కార్డు ఇచ్చి, చాయ్ తాగొచ్చి, పాటలతో తీసుకునేవాళ్లు. ఆ కాసేపట్లో కార్డులోని ఫోటోలు షాపు కంప్యూటర్‌లోకి పోతాయని ఎవరికి తడుతుంది?

నేను పాఠాలు చెప్పే తొమ్మిదో తరగతి వసంతకూ తట్టలేదు. తల్లి లేని పిల్ల. తండ్రి మల్లన్న గొర్లను తోలుకొని నెలల తరబడి ఊళ్లు తిరుగుతాడు. బిడ్డ గొంతు వినాలని ఫోన్ కొనిచ్చాడు. అమ్మ చీర కట్టుకుని ఆ పిల్ల అద్దం ముందు ఫోటోలు దిగింది. షాపువాడు వాటిని దాచుకున్నాడు. షాపు మూసే వేళకు ఒంటరిగా రమ్మనీ, రాకపోతే ఫోటోలను అసభ్యంగా మార్చి ఊరంతా పంచుతాననీ మెసేజీలు పెట్టాడు.

వసంత వాటిని నాకు చూపించింది. "మా నాయనకు తెలిస్తే బడి మాన్పిస్తడు మేడం. నాకు సదువుకోవాలనుంది."

"తప్పు నీది కాదు బిడ్డా. ఇవి చెరపకు. వాణ్ని పట్టియ్యనీకి మనకు ఇవే సాక్ష్యం" అన్నాను. ఫిర్యాదుకు తండ్రి పక్కనుంటే బలమని మల్లన్నను పిలిపించాను.

గొర్లను తమ్ముడికి అప్పజెప్పి మరునాడే బడికి వచ్చాడు. "ఏది బిడ్డా ఫోను?" అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనానికి నా ప్రాణం కుదుటపడింది. వసంత ఇచ్చింది. వరండా బండ మీద పెట్టి, రాయి తీసుకుని, కార్డుతో సహా నుజ్జు చేశాడు.

"మల్లన్నా, వాని బెదిరింపులన్నీ దాంట్లనే ఉన్నయి గదా" అన్నాను.

"ఇది ఇంట్లకొచ్చినందుకే గదా మేడం గింత జరిగింది. ఇగ ఖతం. నా బిడ్డ నా ఎంబడే ఉంటది."

ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన అప్పటికే గేటు వైపు నడిచాడు. వసంత పుస్తకాల సంచి బెంచీ మీదే వదిలేసి తండ్రి వెనక నడిచింది.

పట్టలేక ఆ సాయంత్రమే షాపుకు పోయి వాణ్ని నిలదీశాను. వాడు ఎవరి కార్డులోనో పాటలెక్కిస్తూ, "ఏం మెసేజీలు మేడం? సూపియ్యుండ్రి" అన్నాడు.

తెల్లారి తరగతిలో చెప్పాను. "ఫోన్‌ల ఎవరన్నా బెదిరిస్తే దాచుకోకుండ్రి. నాకు చెప్పుండ్రి."

వసంత పక్కన కూర్చునే పిల్ల లేచింది.

"చెప్తే మమ్మల్ని గూడ బడి మాన్పిస్తరా మేడం?"

అడుగుతున్నంతసేపూ ఆ పిల్ల చెయ్యి సంచిలో దేన్నో గట్టిగా పట్టుకునే ఉంది.