విప్పి చూసిన కండెలు

మొక్కజొన్న గింజ పాలు పట్టినప్పటి నుంచి తల్లికి కంటి మీద కునుకు లేదు. పక్క చేలో కండెల్లోకి పురుగు దూరిందని ఎవరో అన్నారు. అంతే, రోజూ పొద్దున్నే గట్టు పక్కనున్న రెండు సాళ్ళలోకి వెళ్ళేది. కండె కొన దగ్గర తొక్క కొంచెం విప్పి, లోపలికి తొంగి చూసి, మళ్ళీ నొక్కేసేది. ఒకటి బాగుంటే మనసు ఊరుకునేది కాదు. పక్కదాంట్లో ఉంటేనో?

పురుగైతే కనబడలేదు. వాన మాత్రం మూడు రోజులు విడవకుండా కురిసింది.

నాలుగో రోజు కూతురు చేలోంచి పరుగున వచ్చింది. దున్నించిన దగ్గర్నుంచి ఆ చేనంతా ఒంటిచేత్తో పెంచింది ఆ పిల్లే. చేతిలో నాలుగు కండెలు. కొనలన్నీ తెల్లగా బూజు.

"గట్టు పక్క సాళ్ళు మొత్తం ఇంతేనమ్మా. చేను లోపలికి పాకకముందే మందు కొట్టెయ్యాలి."

"ఇప్పుడా? చేను నీ నెత్తి దాటిపోయింది కదే. పైకి కొడితే మందంతా నీ మొహం మీదే పడుతుంది."

"గుడ్డ కట్టుకుంటాలే."

"కళ్ళకేం కట్టుకుంటావు?"

"నీకు మబ్బు పట్టినా భయమే, ఎండ కాసినా భయమే. కాస్త పక్కకి జరుగు."

కూతురు మందు కలుపుతుంటే తల్లి ఆ కండెల్లో ఒకదాన్ని తిప్పి చూసింది. తొక్క ఒక పక్కన గోటితో చీల్చినట్టుంది. రెండో కండె కూడా అంతే. మూడోదీ అంతే. చెబితే, పిల్ల కష్టం తన చేతులే పాడుచేశాయని ఒప్పుకోవాలి. చెప్పకపోతే, పిల్ల ఆ విషం కిందికి వెళుతుంది.

కూతురు మందు కొట్టే డబ్బా భుజాలకు తగిలించుకుంది. తల్లి పట్టీ పట్టుకుని ఆపింది.

"తెగులు కాదే. నేనే. పురుగుందేమోనని విప్పి చూశాను. అందులోంచి వాన నీళ్ళు దిగినట్టున్నాయి."

"ఎన్ని విప్పావు?"

"రోజుకి ముప్పై, నలభై. పది రోజులు."

"పురుగు కూడా ఇంత శ్రద్ధగా తిరగదమ్మా," అంది కూతురు. డబ్బా దించి చేను లోపలికి నడిచింది. "నువ్వు ముట్టుకోనిది ఒకటి విప్పితే తేలిపోతుంది."

"వద్దే, బాగున్నదాన్ని పాడుచెయ్యకు."

"మూడొందలు విప్పినప్పుడు ఏమైంది ఈ బుద్ధి?"

ఐదో సాల్లో ఒక కండె విప్పింది. గింజలు నిగనిగలాడుతున్నాయి. పదో సాల్లోదీ శుభ్రంగానే ఉంది. కూతురు నడుం మీద చేతులు వేసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"మందక్కర్లేదు. నీ రెండు సాళ్ళూ ఈ పూటే విరిచి దూరంగా పారేద్దాం. బూజుది పశువులకు కూడా వెయ్యకు. నువ్వు ఈ చివర మొదలుపెట్టు, నేను ఆ చివర్నించి వస్తా."

తల్లి గోనెసంచి పరిచి విరవడం మొదలుపెట్టింది. పక్క సాలు కండెలు భుజానికి తగులుతున్నాయి. ఐదో సాలు చూశారు, పదోది చూశారు. ఈ పక్కనున్న మూడోది ఎవరూ చూడలేదు. చెయ్యి దానంతటదే అటు వెళ్ళింది.

"అమ్మడూ," అని పిలిచింది. "నువ్వూ ఇక్కణ్ణించే విరువు. నన్నొక్కదాన్నీ ఇక్కడ వదలకు."