రెండు చిన్న సకినాలు

పచ్చిపులుసులో బెల్లం వేయలేదని ఆ మధ్యాహ్నం మా ఆయన చక్రపాణి కంచంలో చెయ్యి కడగకుండా సణుగుతూ కూర్చున్నారు.

"బెల్లం లేంది పచ్చిపులుసెట్లయితది లలితా?"

"మా అమ్మగారింట్ల వెయ్యరు."

"పెండ్లయి ఇరవై ఆరేండ్లయింది. ఇంకా మీ అమ్మగారిల్లేనా?"

"మీ నాలుకకు మీ అమ్మగారిల్లు యాదికుంది గద. నాకుంటె తప్పా?"

మా అమ్మాయి విజయశ్రీ గ్లాసు ఠప్పున కింద పెట్టింది. "జర మీ బెల్లం లొల్లి ఆపుండ్రి. ఆడ గుర్లీన్ నాల్రోజుల సంది క్లాసుకొస్తలేదు. డాడీ సకినాల కోడ్ చెప్పినప్పటి సంది."

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ పిల్లలకు చరిత్ర చెబుతారు. విజయశ్రీ, గుర్లీన్ కౌర్ అదే బ్యాచ్. తేదీలూ పేర్లూ గుర్తుండేలా ఆయన చెప్పే నవ్వు పుట్టించే కోడ్‌ల కోసమే చాలామంది అక్కడ చేరతారు. వాటిని కట్టేది నేనని వాళ్లకు తెలియదు. మా అబ్బాయి ఉపేంద్ర డెంగీతో పోయాక, చేతికీ బుర్రకూ పని లేకపోతే బతకలేననిపించి మొదలుపెట్టాను. బి.ఏ.లో చరిత్రే చదివాను. ఏ అంకెనూ రెండు పుస్తకాల్లో సరిచూడనిదే రాయను.

సిక్కుల యుద్ధాలను పెళ్లి భోజనంలా కట్టాను. మొగలులతో చంకౌర్ పోరుకు చేగోడీలు, సర్హింద్‌కు సకినాలు, బందా బహదూర్‌కు బూందీ, ఇంగ్లీషువాళ్లతో రెండు యుద్ధాలకు రెండు కిళ్లీలు. సర్హింద్‌లో నవాబు గోడలో పెట్టించి చంపించింది గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులిద్దరినీ. అందుకని "రెండు చిన్న సకినాలు" అని రాశాను. క్లాసులో ఆయన వాటిని కరకర నమిలినట్టు నటించారట. మూడువందల మంది నవ్వారట.

మరునాడు విజయశ్రీ వెంట గుర్లీన్ ఉండే హాస్టల్‌కు వెళ్లాను. మంచం మీద పరుపు చుట్టి ఉంది. ఆ పిల్ల బండల మీద దుప్పటి పరుచుకుని కూర్చుంది. రంజిత్ సింగ్ కాలంలో నిజాం కొలువుకు వచ్చిన సిపాయిల వంశమట వాళ్లది. ఇల్లు నిజామాబాద్. తెలుగు మాలాగే మాట్లాడుతుంది.

"డిసెంబరు చలిల కింద కూసున్నవేంది బిడ్డా?"

"ఈ వారం మేము మంచమెక్కం ఆంటీ. ఆ పిల్లలిద్దర్ని నానమ్మతోని చలిల బురుజుల పెట్టింది ఇవే దినాలు. మా ఇంట్ల మిఠాయి గూడ చెయ్యరు."

"సార్ మీద కోపమొచ్చిందా?"

"కోపం గాదు ఆంటీ. నేను గూడ నవ్విన." తల దించుకుంది. "అందరు నవ్వుతుంటె నాకూ నవ్వొచ్చింది. ఆ సాయంత్రం మా దాదీ ఫోన్ చేసి, ఇయ్యాల ఏం చదివినవే అనడిగింది. చెప్పలేకపోయిన. ఇగ ఆ క్లాసుల కూసోలేను. ఎల్లుండి బస్సుకు ఇంటికి పోతున్న."

"ఇంకో నెలల పరీక్ష పెట్టుకొనా?"

"రాయ." తర్వాత ఎవరికీ చెప్పనట్టుగా అంది. "చిన్నోనికి ఏడేండ్లు ఆంటీ."

ఆ అంకె నాకు తెలుసు. రెండు పుస్తకాల్లో చూసి, సరే అనుకుని, పక్కన టిక్కు పెట్టాను. మా ఉపేంద్ర పోయిందీ ఏడేళ్లకే. అయినా అప్పుడు పెన్ను ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎల్బీనగర్ దాకా మెట్రోలో విజయశ్రీ నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. నేను ఏడవలేదు. ఏడ్చే హక్కు ఉందనిపించలేదు.

సాయంత్రం అన్నాలకు కూర్చున్నప్పుడు అంతా చెప్పాను.

"వచ్చే బ్యాచ్ నుంచి తీసేద్దాం తియ్యి," అన్నారాయన. "గింత దానికి పరేషాన్ ఎందుకు?"

"ఈ బ్యాచ్‌ల ఆ పిల్ల పోతున్నది. ఆమెకేం చెప్తరు?"

"అందరి ముంగట తప్పైందని చెప్పాల్నా? అట్లెందుకు కట్టిన్రని ఎవరన్నా అడిగితె? కోడ్‌లు నేను కట్టలేదని తెలిస్తె నా ఇజ్జత్ ఏమైతది? సెంటర్ వాళ్లు ఉంచుకుంటరా నన్ను?"

"చిన్నోనికి ఏడేండ్లట," అన్నాను.

ఆయన చేతిలో ముద్ద కంచంలోకి జారింది. మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఎవరమూ ఆ వయసు పేరెత్తలేదు. విజయశ్రీ మంచినీళ్లు అందిస్తే తీసుకోలేదు.

నేను ఆయన జవాబు కోసం చూడలేదు.

"రేపు పొద్దున క్లాసుకు నేనొస్తున్న. కోడ్ కట్టింది నేనని అందరికీ చెప్త. ఆ పిల్లల పేర్లు, వాళ్ల వయసు చెప్పి, గుర్లీన్‌ను మాఫీ అడుగుత. విజ్జీ, నువ్వు పోయి దాన్ని తోలుకరా. మీరు పక్కన నిలబడ్తరో లేదో మీ ఇష్టం."