కామెర్లు తగ్గిన నెల

మా ఆయన ట్వుమాసి కంటి కింది రెప్పని బొటనవేలితో లాగి పట్టుకుని, ఆయన మేనమామ ఒపోకు వార్డంతా వినపడేలా అన్నాడు. "చూడండి, ఎంత తెల్లగా ఉందో! నా బెరడు కషాయం పనిచేసింది. ఇంక కోతలెందుకు?"

నాకు ఒళ్ళు మండింది. సోమవారం ఆపరేషన్. మా కుమాసి పట్నంలో అది చేసే డాక్టరు దొరకడమే గగనమైంది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "పెద్దాయనా, పైత్యరసం పేగులోకి దిగే మూతి దగ్గర క్యాన్సర్ గడ్డ ఉంది. దాని పైపొర కాస్త ఊడితే దారి దొరికి కామెర్ల పచ్చ తగ్గుతుంది. గడ్డ మాత్రం పోదు, మళ్ళీ మూసేస్తుంది. క్లోమం తల, కొంత పేగు, పిత్తాశయం తీసేసి మిగిలినవి కలిపి కుట్టాలి. ప్రాణాపాయం లేదనను. కానీ పక్క గ్రంథులకి పాకకముందే తీస్తే, ఏళ్ళతరబడి బతికేవాళ్ళు సగానికి పైనే."

"తగ్గినదాన్ని కోస్తారా అమ్మా?" అని ఒపోకు నవ్వాడు.

"మీ బెరడు అంత గొప్పదైతే మీ మోకాళ్ళ నొప్పులకి మీరే తాగరేం మామయ్యా?" అన్నాను.

"నువ్వు పెళ్ళానివి. వాడి రక్తం మాది. మధ్యలో దూరకు."

మా అసాంటేవాళ్ళలో అంతే. మగాడు తల్లి వంశం సొత్తు. పెళ్ళాం మాట చెల్లేది వంటింట్లో ఫుఫు ముద్ద దంచేదాకానే. మా ఆయన తలొంచుకుని మామ వెనకాలే ఇంటికొచ్చేశాడు.

ఆ నెలంతా నాకు కాలు నిలవలేదు. పొయ్యి మీద పులుసు వదిలేసి వచ్చి ఆయన కళ్ళు చూసేదాన్ని. ఆయన నిద్రలో ఉన్నా రెప్పలు లాగేదాన్ని. "నన్ను పడుకోనియ్యవే తల్లీ!" అని విసుక్కునేవాడు.

ఒకరోజు పచ్చ మళ్ళీ ఎక్కింది. రక్తం వచ్చేలా ఒళ్ళు గోక్కుంటున్నాడు. ఒపోకు ఈసారి ఇంకా పెద్ద సీసాతో వచ్చాడు. మా ఆయన దాన్ని పక్కకి నెట్టాడు.

"మామా, చచ్చాక నా శవం మీ వంశానిదే. డప్పులు కొట్టించుకోండి, ఎవరూ అడ్డురారు. ఊపిరున్నంతకాలం నన్ను నా పెళ్ళానికి వదిలెయ్యండి."

నేను భోరున ఏడ్చేశాను. ఆ ముసలాయన సీసా చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

మళ్ళీ కుదిరిన ఆపరేషన్ రోజు నేను వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. ఒపోకు బెంచీ మీద కూర్చున్నాడు. సాయంత్రానికి మా ఆయన గండం గట్టెక్కాడు.

కొన్ని వారాలకి పరీక్ష ఫలితం వస్తే డాక్టరమ్మ నన్నూ ఒపోకునీ కూర్చోబెట్టింది. "గడ్డ మొత్తం వచ్చేసింది. కానీ రెండు గ్రంథులకి పాకి ఉంది. మందు ఎక్కిస్తాం. ఆశ ఉంది, మొదట చెప్పినంత కాదు."

"నేను ఆపిన ఆ నెల్లోనే పాకిందా అమ్మా?" అన్నాడు ఒపోకు.

"చెప్పలేం పెద్దాయనా. అంతకుముందే పాకి ఉండొచ్చు."

ఆయనకి నమ్మకం కుదర్లేదు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అడగని మనిషి నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా."

దానికి జవాబు నెలంతా నూరి పెట్టుకున్నాను. ఆ మొహం చూశాక దాన్ని మింగేశాను.

"నాకూ తెలీదు మామయ్యా," అన్నాను.

నిజంగానే తెలీదు. తెలిసుంటే నోరారా తిట్టేదాన్ని.